ఒకే కుండ అన్నంతో ఓనిగిరి, అరాంచినీ, కలాస్ అన్నీ చేయొచ్చా?

నీలిగరిటె

హాయ్ అండి అందరికీ. నెలాఖరుకి ఫ్రెండ్స్ అందరం మా ఇంట్లో కలుస్తున్నాం, పిల్లలతో కలిపి ఇరవై మంది దాకా ఉంటాం. ఈసారి ఒక థీమ్ అనుకున్నాం, వేరేవేరే దేశాల్లో అన్నంతో చేసే ఉండలు, నూనెలో వేయించే ఐటమ్స్ అన్నీ ఒకే టేబుల్ మీద పెట్టాలని. ప్రస్తుతానికి నా లిస్టులో ఉన్నవి జపాన్ ఓనిగిరి, ఇటలీలోని సిసిలీ అరాంచినీ, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ తీపి కలాస్, ఘానా ఓమో తువో, లావోస్ నామ్ ఖావ్.

నా డౌట్ ఏంటంటే ఒక పెద్ద గిన్నెలో అన్నం ఒకేసారి వండేసి అందులోంచి తీసి ఇవన్నీ చేసేయొచ్చా, లేక దేనికదే వండాలా? వీడియోల్లో చూస్తే ఒకరు మిగిలిన అన్నంతో చేసేయండి అంటారు ఇంకొకరు అస్సలు వద్దంటారు. ఇంకోటి, వచ్చేవాళ్ళలో ముగ్గురు గుడ్డు తినరు, ఇద్దరు అసలు పాలపదార్థాలు కూడా తినరు, వాళ్ళకి ఇందులో ఏవి సరిపోతాయి? ముందురోజు ఏవి చేసి పెట్టుకోవచ్చో కూడా చెప్తే చాలా హెల్ప్ అవుతుంది, ఆ రోజు పొద్దున్నించీ స్టవ్ దగ్గరే ఉండిపోవాలని లేదు.

బియ్యంబస్తా

థీమ్ చాలా బాగుందండి. కానీ ఒకే అన్నం అంటే కుదరదు, రెండు రకాలు వండుకుంటే మాత్రం మీ లిస్టు మొత్తం వచ్చేస్తుంది.

ఎందుకంటే ఇవన్నీ పైకి ఒకేలా గుండ్రంగా కనిపిస్తాయి గానీ ఒక్కోదాన్ని పట్టి ఉంచేది వేరు. ఓనిగిరిలో బియ్యం సొంత జిగురు తప్ప ఇంకేమీ ఉండదు, గుడ్డు లేదు పిండి లేదు. అరాంచినీలో జిగురుతో పాటు వెన్న, చీజ్ చల్లారి గట్టిపడటం, పైన పిండిజారు కోటింగు పనిచేస్తాయి. కలాస్‌లో గుడ్డూ మైదా. ఓమో తువోలో అయితే మెతుకు మెతుకులా ఉండనే ఉండదు, మెదిపేస్తారు. నామ్ ఖావ్‌ని చివరికి ఎలాగూ పగలగొట్టేస్తారు కాబట్టి నూనెలోంచి బయటికి వచ్చేదాకా నిలబడితే చాలు. ముందు ఇది చూసుకుంటే దేనికి ఏ బియ్యం వాడాలో వెతుక్కోనక్కర్లేదు.

బియ్యంలో పిండి పదార్థం రెండు రకాలుగా ఉంటుంది, అమైలోజ్, అమైలోపెక్టిన్. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం వండితే మెతుకు విడివిడిగా వస్తుంది, చల్లారాక గట్టిపడుతుంది. తక్కువుంటే మెత్తగా, అంటుకునేలా వస్తుంది. జపాన్ పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ సుమారు 15 నుంచి 20 శాతం, బాస్మతి లాంటి పొడుగు గింజ రకాల్లో 20 నుంచి 25 శాతం దాకా, జిగురు బియ్యంలో దాదాపు ఉండదు. అందుకే బాస్మతితో ఓనిగిరి ఎంత నొక్కినా కొరకగానే రాలిపోతుంది. మీ చేతి తప్పు కాదు, ఆ గింజ స్వభావమే అంత.

సో నా సలహా, పొట్టి గింజ బియ్యం ఒక గిన్నె, అది ఓనిగిరికీ అరాంచినీకీ (అయితే రెండూ విడివిడిగా వండాలి, అరాంచినీ అన్నం స్టాక్‌లో, అంటే మాంసమో కూరగాయలో ఉడికించి వడకట్టిన నీళ్ళలో, కుంకుమపువ్వుతో వండుతారు కదా). జాస్మిన్ రైస్ ఇంకో గిన్నె, అది నామ్ ఖావ్, కలాస్, ఓమో తువోకి. ఓమో తువోకి నీళ్ళు బాగా ఎక్కువ పోయాలి, బియ్యానికి మూడు నాలుగింతలు, మెతుకు నలిగిపోయేదాకా ఉడకనిచ్చి స్టవ్ మీదే చెక్క గరిటెతో గిన్నె అంచుకేసి నొక్కుతూ మెదపాలి. తడిచేత్తో ఉండ చేసి వేరుశనగ సూప్‌లో వేసి ఇస్తారు, ఘానాలో ఆదివారం భోజనం అంటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది. ఇది వేయించేది కాదు, కాబట్టి మీ టేబుల్ మీద నూనె లేని ఐటమ్ కూడా ఒకటి ఉన్నట్టవుతుంది. సూప్‌ని వేరుశనగ ముద్ద, టమాటా, ఉల్లి, అల్లం, కూరగాయల స్టాక్‌తో చేసుకుంటే గుడ్డు తినని ముగ్గురికీ పాలు ముట్టని ఇద్దరికీ కూడా సరిపోతుంది, కానీ వేరుశనగ అలర్జీ ఎవరికైనా ఉందేమో ముందే అడగండి ప్లీజ్.

ఎట్నా_నీడలో

అరాంచినీ గురించి నేను చెప్తా, సిసిలీలోని కటానియాలో కొన్నాళ్ళు ఉన్నాను, అక్కడ ఇది తినని రోజు తక్కువ.

ముందుగా ఒక విషయం, మిగిలిన రిసోట్టోతో (స్టాక్‌లో జారుగా వండే ఇటలీ అన్నం) అరాంచినీ అని వీడియోల్లో చెప్తుంటారు కదా, ఇంట్లో అలా చేసుకోవచ్చు తప్పేం లేదు, కానీ సిసిలీలో దీనికోసమే అన్నం ప్రత్యేకంగా వండుతారు. రిసోట్టో జారుగా ఉండాలి, ఇది ముద్దగా ఉండాలి, రెండిటి గోల్ వేరు. 500 గ్రాముల బియ్యానికి 1.2 లీటర్ల స్టాక్, చిటికెడు కుంకుమపువ్వు, స్టాక్ మొత్తం అన్నమే పీల్చేసుకునేలా వండాలి, వార్చకూడదు, వారిస్తే జిగురంతా నీళ్ళతో పోతుంది. దించాక 50 గ్రాముల వెన్న, 100 గ్రాముల తురిమిన గట్టి చీజ్ కలిపి వెడల్పు ట్రేలో పల్చగా పరిచేయాలి. కాస్త చల్లబడగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో. కనీసం రెండు మూడు గంటలు ఉండాలి, అది చాలా ముఖ్యం, అన్నం చల్లబడి బిగిసినప్పుడే చేత్తో గిన్నెలా మలిచి లోపల కూర పెట్టగలరు. ఈ కొలతకి 12 దాకా వస్తాయి, మధ్యస్థం సైజువి.

లోపలి కూర కూడా చల్లగా, చిక్కగా ఉండాలి. తడి ఉన్న కూర పెడితే నూనెలో ఆవిరి తన్నుకొచ్చి ఉండ పగిలిపోతుంది, చాలామంది అన్నాన్ని తిడతారు గానీ ఎక్కువసార్లు కారణం ఈ తడే. క్లాసిక్ అంటే మాంసం రాగూ (చిక్కగా ఉడికించిన మాంసం కూర), పచ్చి బఠానీలు, చీజ్. కానీ శాకాహారం తినేవాళ్ళకి కటానియాలోనే బోలెడు ఉన్నాయి, వంకాయ టమాటా వేసే ఆలా నోర్మా, పాలకూరది, ఎట్నా అగ్నిపర్వతం పక్కనే ఉన్న బ్రోంతే ఊరి పిస్తాతో చేసేది. ఆకారం కూడా చెప్తా, కటానియా వైపు కోన్‌లా పైన కొస తేలి ఉంటుంది, పలెర్మో వైపు గుండ్రం. రెండు ఊళ్ళ వాళ్ళూ దీని మీద గట్టిగా పట్టుపడతారు, మీ టేబుల్ మీద రెండు షేపులూ పెట్టండి, మాంసంది ఒక షేపు వెజ్‌ది ఒక షేపు అంటే కలిసిపోకుండా కూడా ఉంటాయి.

గుడ్డు సంగతి. చాలా రెసిపీల్లో గుడ్డులో ముంచి బ్రెడ్ పొడి అద్దమంటారు. సిసిలీలో ఎక్కువగా వాడేది మైదా నీళ్ళ జారు. 200 గ్రాముల మైదాకి 300 మిల్లీ లీటర్ల నీళ్ళు, కాస్త ఉప్పు, గడ్డల్లేకుండా కలిపి ఉండని పూర్తిగా ముంచి తీసి బ్రెడ్ పొడిలో దొర్లించడమే. గుడ్డు కంటే ఇదే బాగా సీల్ అవుతుందని నా గట్టి అభిప్రాయం, పైన కరకర కూడా ఎక్కువసేపు ఉంటుంది. సో మీ గుడ్డు తినని ముగ్గురికీ నిశ్చింతగా పెట్టొచ్చు, కొన్న బ్రెడ్ పొడిలో గుడ్డు లేదని ప్యాకెట్ మీద చూసుకోండి అంతే. పాలు ముట్టని ఇద్దరికి మాత్రం ఇది కుదరదు, వెన్న చీజ్ తీసేస్తే రుచీ పట్టూ రెండూ పోతాయి.

రోమ్ సుప్లీ మీ లిస్టులో లేదేంటి? అది పొడుగ్గా ఉంటుంది, అన్నాన్నే టమాటా రాగూలో వండేస్తారు, మధ్యలో మొజరెల్లా ముక్క, విరిస్తే తీగలు సాగుతాయి, పిల్లలు దానికోసమే తింటారు. కానీ ఇప్పటికే చాలా ఉన్నాయి, వదిలేయండి.

నీలిగరిటె

అబ్బా ఇంత డీటెయిల్‌గా చెప్పినందుకు థాంక్యూ ఇద్దరికీ! వార్చకూడదు అన్నది నాకు అసలు తెలీదు. డిసెంబర్‌లో పలెర్మోలో ఏదో పండగ రోజు అందరూ ఇవే తింటారని ఎక్కడో విన్నాను, నిజమేనా? ఇంకా ఓనిగిరి ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?

ఎట్నా_నీడలో

నిజమేనండి, డిసెంబర్ 13, సాంతా లూచియా అనే క్రైస్తవ సాధ్వి పండగ రోజు. ఆ రోజు గోధుమతో చేసిన బ్రెడ్డూ పాస్తా తినకుండా ఉండటం అక్కడి ఆనవాయితీ. 1646లో కరువు వచ్చినప్పుడు ఆవిడకి మొక్కుకుంటే ధాన్యం ఓడ వచ్చిందని, ఆకలికి ఆగలేక పిండి పట్టించకుండానే గింజలు ఉడకబెట్టుకుని తిన్నారని చెప్పుకుంటారు. అందుకే ఆ రోజు పలెర్మోలో ఎక్కడ చూసినా ఇవే, తీపివి కూడా, చాక్లెట్ నింపి పంచదార అద్దినవి ఉంటాయి.

పొట్టిగింజ

ఓనిగిరి ఫ్రిజ్‌లో వద్దు!! దయచేసి వద్దు. వండిన అన్నంలో పిండి పదార్థం చల్లబడే కొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది, ఆ పని అన్నిటికంటే వేగంగా జరిగేది సరిగ్గా ఫ్రిజ్ చల్లదనం దగ్గరే. అరాంచినీకి ఆ బిగుసుకోవడమే కావాలి, ఓనిగిరికి అదే శత్రువు, పొద్దున తీసి చూస్తే మెతుకులు సుద్దలా ఉంటాయి. ముందురోజే చేయాలంటే వేడి మీదే ఒక్కోటి ప్లాస్టిక్ రేపర్‌లో చుట్టి కాస్త ఆరగానే ఫ్రీజర్‌లో పెట్టండి, తినేముందు మైక్రోవేవ్‌లో బాగా పొగలొచ్చేదాకా వేడి చేస్తే మళ్ళీ మెత్తబడతాయి. జపాన్‌లో ఇళ్ళల్లో అలాగే దాచుకుంటారు. నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) మాత్రం తినే ముందే చుట్టాలి.

చేసే విధానం కూడా చెప్పేస్తా. బియ్యం నీళ్ళు తేటపడేదాకా కడిగి అరగంట నానబెట్టాలి, కప్పు బియ్యానికి కప్పుంపావు కంటే తక్కువే నీళ్ళు, వండాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయాలి. వెనిగర్ కలపకూడదు, అది సుషీకి, ఓనిగిరికి ఉప్పే. చేతులు తడుపుకుని అరచేతుల్లో ఉప్పు రాసుకుని, చెయ్యి ఓర్చుకునేంత వేడి మీద అన్నం తీసుకుని మధ్యలో ఉమెబోషి (ఉప్పులో ఊరవేసిన ఉమే అనే పుల్లటి కాయ) గానీ వేయించిన సాల్మన్ గానీ పెట్టి మూసి, తిప్పుతూ మూడు నాలుగుసార్లు నొక్కితే చాలు. పిసక్కూడదు. బయట గట్టిగా, లోపల మెతుకుల మధ్య గాలి ఉండాలి, నోట్లో పెట్టుకోగానే విడిపోవాలి, అదే మంచి ఓనిగిరి. వాళ్ళకి ఇది కొత్త వంట కాదండి, ఇషికావా ప్రాంతంలో 1987లో జరిగిన తవ్వకాల్లో యాయోయి కాలం నాటి అన్నం ముద్ద మాడి బొగ్గైపోయిన రూపంలో దొరికింది, అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటిది.

ఉమెబోషి, సముద్రపు నాచు పెట్టినవి గుడ్డు వద్దన్నవాళ్ళకీ పాలు వద్దన్నవాళ్ళకీ అందరికీ సరిపోతాయి (నాచు కూర కొన్నదైతే చేపల స్టాక్ కలిసి ఉంటుంది, శాకాహారులుంటే చూసుకోండి). మిగిలిపోతే పెనం మీద సోయా సాస్ రాస్తూ రెండు వైపులా ఎర్రగా కాల్చండి, యాకి ఓనిగిరి అంటారు, నాకైతే మామూలు దానికంటే అదే ఇష్టం.

పిల్లలున్నారు అన్నారు కాబట్టి కొరియా జుమొక్‌బాప్ కూడా ఆలోచించండి. అన్నంలో కాస్త నువ్వుల నూనె, ఉప్పు, నలిపిన నాచు వేసి చిన్న చిన్న ఉండలు, పిల్లలే గ్లవ్స్ వేసుకుని చేసేసుకుంటారు, ఇంట్లో ఫుల్ సందడి. నూనె ఎక్కువైతే మెతుకులు జారిపోయి పట్టు ఉండదు, రెండు కప్పుల అన్నానికి ఒక చెంచా చాలు. ఈ వంటకి కొరియాలో చాలా పెద్ద గుర్తింపు ఉంది, 1980 మే నెలలో గ్వాంగ్జూలో సైనిక పాలన మీద జనం తిరగబడ్డప్పుడు అక్కడి మార్కెట్లో ఆడవాళ్ళు పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండి ఈ ఉండలు చేసి వీధుల్లో ఉన్నవాళ్ళందరికీ పంచారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో మే నెల జ్ఞాపక కార్యక్రమాల్లో జుమొక్‌బాప్ పంచుతారు. అది చదివినప్పటి నుంచి ఈ వంట చేసినప్పుడల్లా ఆ ఆడవాళ్ళు గుర్తొస్తారు నాకు.

తీపిచెంచా

కలాస్ అడిగేవాళ్ళు చాలా తక్కువ, లిస్టులో చూసి ఎంత సంతోషమేసిందో.

తేలిక పద్ధతి ఇదిగో. వండి చల్లార్చిన అన్నం 2 కప్పులు, 6 టేబుల్ స్పూన్ల మైదా, 3 టేబుల్ స్పూన్ల పంచదార, 2 టీ స్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీ స్పూన్ ఉప్పు, జాజికాయ పొడి, వెనిలా, 2 గుడ్లు. పొడివన్నీ అన్నంలో కలిపి తర్వాత గుడ్లు వేసి కలిపితే చెంచాతో జారవిడిచేంత చిక్కగా వస్తుంది. 180 డిగ్రీల నూనెలో చెంచాతో వేసి ఎర్రగా తీసి, వేడి మీద పంచదార పొడి చల్లాలి. పాత పద్ధతిలో బేకింగ్ పౌడర్ లేదు, అన్నం బాగా మెత్తగా ఉడికించి మెదిపి ఈస్ట్ కలిపి రాత్రంతా పులియబెట్టి పొద్దున్నే గుడ్లూ పిండీ కలిపేవాళ్ళు. టైముంటే అలాగే చేయండి, ఆ కొద్ది పులుపు తీపిలో కలిసి వచ్చే రుచి బేకింగ్ పౌడర్‌తో రాదు.

ఇవి న్యూ ఆర్లీన్స్ వీధుల్లో నల్లజాతి ఆడవాళ్ళు తలమీద గంపల్లో పెట్టుకుని వేడి వేడి కలాస్ అని కేకేస్తూ అమ్మినవి. ఆ ఊరున్న లూసియానా ప్రాంతం స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు బానిసలుగా ఉన్నవాళ్ళు డబ్బు కట్టి తమ స్వేచ్ఛ తామే కొనుక్కునే దారి చట్టంలో ఉండేది, అలా కొనుక్కున్నవాళ్ళలో ఆదివారాలు వీధుల్లో ఇలాంటివి అమ్మి ఆ డబ్బు కూడబెట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. వరి పండించే పశ్చిమ ఆఫ్రికా నుంచే ఈ వంట వాళ్ళతో వచ్చిందని ఆహార చరిత్ర రాసే చాలామంది అంటారు. టేబుల్ మీద ప్రతి ఐటమ్ పక్కన చిన్న కార్డు పెడతారేమో, పెడితే కలాస్ కార్డు మీద ఈ సంగతి తప్పకుండా రాయండి, ఉత్తి స్వీట్ అనుకుని తినేసి వెళ్ళిపోకూడదు.

గుడ్డు లేకుండా కలాస్ అడుగుతారేమో, నేనైతే చేయొద్దంటా. పిండి పెంచితే అది వేరే ఏదో అవుతుంది. దానికి బదులు తూర్పు ఆఫ్రికా తీరంలో, టాంజానియా కెన్యా వైపు చేసే వితుంబువా పెట్టండి. పచ్చి బియ్యం రాత్రి నానబెట్టి కొబ్బరి పాలతో మెత్తగా రుబ్బి, పంచదార, యాలకులు, ఈస్ట్ కలిపి పొంగనిచ్చి గుంతలున్న పెనంలో కాస్త నూనెతో రెండు వైపులా కాలుస్తారు. గుడ్డు లేదు పాలు లేవు, అందరూ తినొచ్చు.

ఆవిరిగిన్నె

అందరూ రుచి గురించి చెప్పారు, నేను ఒక్క జాగ్రత్త చెప్తా, ఇరవై మందికి వండుతున్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు ప్లీజ్.

వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి వదిలేయకూడదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ వాంతులు తెప్పించే విషం మళ్ళీ వేడిచేసినా వేయించినా పోదు. పైకి వాసన రాదు, రుచి మారదు. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ చెప్పేది గంటలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమని, ఒక్క రోజు కంటే ఎక్కువ ఉంచొద్దని. అందుకే పైన ఆవిడ ట్రేలో పల్చగా పరచమన్నది కేవలం పట్టు కోసమే కాదు, పెద్ద గిన్నెలో అలాగే వదిలేస్తే మధ్యలో అన్నం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. పాత కలాస్ పద్ధతిలో రాత్రంతా పులియబెట్టడం ఉంది కదా, అది ఇంట్లో చేయాలంటే పిండిని బయట కాకుండా ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా పొంగనివ్వండి.

తీపిచెంచా

కరెక్ట్ అండి, ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ నెమ్మదిగానైనా పనిచేస్తుంది. మంచి పాయింట్ చెప్పారు.

నీలిగరిటె

చాలా చాలా థాంక్స్ అందరికీ. అయితే ప్లాన్ ఇలా మార్చాను, ముందురోజు సాయంత్రం అరాంచినీ అన్నం, కూరలు చేసి ఫ్రిజ్‌లో, కలాస్ పిండి ఈస్ట్ వేసి ఫ్రిజ్‌లో, వితుంబువాకి బియ్యం నానబెట్టడం, జాస్మిన్ రైస్ వండి ట్రేలో చల్లార్చి ఫ్రిజ్‌లో. ఆ రోజు మధ్యాహ్నం ఓనిగిరి, ఓమో తువో ఫ్రెష్‌గా. ఇంక రెండే మిగిలాయి, నామ్ ఖావ్ ఎవరూ వివరంగా చెప్పలేదు, అన్నీ ఒకే మూకుడులో ఒకే నూనెలో వేయించొచ్చా?

బియ్యంబస్తా

నామ్ ఖావ్ నేను చెప్తా. చల్లారిన జాస్మిన్ అన్నంలో ఎర్ర కర్రీ పేస్టు, కొబ్బరి తురుము, ఉప్పు, చిటికెడు పంచదార వేసి మెతుకులు కాస్త నలిగేలా గట్టిగా కలపండి, నలిగితేనే అంటుకుంటుంది. నిమ్మకాయ కంటే కొంచెం పెద్దగా గట్టి ఉండలు చేసి బియ్యప్పిండి జారులో ముంచి ముదురు ఎరుపు వచ్చేదాకా వేయించాలి, ఇక్కడ భయపడి తొందరగా తీసేయకండి, పైపెంకు కరకరలాడితేనే ఈ వంటకి అర్థం. తర్వాత వెడల్పు గిన్నెలో చేత్తో పగలగొట్టి నిమ్మరసం, ఫిష్ సాస్, పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు, వేయించిన వేరుశనగలు, ఎండుమిర్చి వేసి కలిపి లెట్యూస్ ఆకులో చుట్టుకుని తింటారు. లావోస్‌లో ఇందులో పులియబెట్టిన పంది మాంసం సోమ్ మూ కూడా వేస్తారు. వెజ్ వాళ్ళకి ఒక గిన్నె పక్కకి తీసి ఫిష్ సాస్ బదులు సోయా సాస్ వేయండి, కర్రీ పేస్టులో రొయ్యలుంటాయి చాలా బ్రాండ్లలో, లేబుల్ చూసి కొనండి. పగలగొట్టి కలపడం మాత్రం అందరూ కూర్చున్నాకే, ముందే కలిపితే పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది.

నూనె ఒకటే వద్దు, రెండు మూకుళ్ళు పెట్టుకోండి. ఒకదాంట్లో ముందు వెజ్ అరాంచినీ, తర్వాత మాంసంవి, ఆ తర్వాత వడకట్టి కలాస్. కలాస్‌లో గుడ్డు ఉంది కాబట్టి అది చివరికే రావాలి, పైగా పంచదార నూనెలో మాడి నల్లబడుతుంది. రెండో మూకుడు నామ్ ఖావ్‌కి మాత్రమే, కర్రీ పేస్టు వాసన నూనెకి పట్టేస్తుంది, అందులో కలాస్ వేస్తే తినలేరు. ఫ్రిజ్‌లోంచి తీసిన అరాంచినీ 170 దగ్గర, ఒక్కసారికి మూడు నాలుగే వేయండి, ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోయి కోటింగు నూనె పీల్చేస్తుంది. లోపల చీజ్ కరగలేదనిపిస్తే 160 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు పెట్టండి, పైన మాడకుండా మధ్యదాకా వేడెక్కుతుంది.

నీలిగరిటె

రెండు మూకుళ్ళు ఉన్నాయి, థర్మామీటర్ కొంటాను. వేరుశనగ అలర్జీ సంగతి గ్రూప్‌లో ఇప్పుడే అడిగాను, ఒక పాపకి ఉందట! ఓమో తువో సూప్ ఇంకేదైనా ఉందా?

బియ్యంబస్తా

అడిగి మంచి పని చేశారు. ఘానాలోనే పామ్ కాయల గుజ్జుతో చేసే సూప్ కూడా ఓమో తువోతో తింటారు, క్యాన్‌లో ఆ గుజ్జు దొరికితే అది చేయండి. నామ్ ఖావ్‌లో వేరుశనగలు కలపకుండా పక్కన విడిగా పెట్టడం కాదు, ఆ రోజు ఇంట్లో వేరుశనగే వద్దు, వేయించే నూనె కూడా వేరుశనగది కాకుండా చూసుకోండి. అరాంచినీలో పిస్తా రకం చేస్తున్నట్టయితే పాపకి గింజలు మొత్తానికే పడవా లేక వేరుశనగ ఒక్కటేనా అని వాళ్ళమ్మగారిని ఇంకోసారి అడగండి.